బిర్రు ముక్కు ఎందుకు ఎర్రబడింది?

ఒకప్పుడు ఆఫ్రికా ముళ్లచెట్ల అడవిలో కొమ్ముముక్కు పిట్టలన్నిటికీ బూడిదరంగు ముక్కులే ఉండేవి. వాటిలో బిర్రు అనే మగపిట్ట పక్కన టొక్కు అనే ఇంకో మగపిట్ట కూర్చుంటే ఎవరు ఎవరో చెప్పడం ఎవరి తరమూ కాదు. పనిలో మాత్రం ఇద్దరికీ పోలికే లేదు.

ఆ పిట్టల్లో ఒక ఆచారం ఉంది. గుడ్లు పెట్టే ముందు తల్లి చెట్టుతొర్రలో దూరి, వాకిలిని మట్టితో మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. తండ్రి ఆ సందులోంచే తిండి అందించాలి. బిర్రు తెల్లారింది మొదలు మిడతలు పట్టి తెచ్చేవాడు. టొక్కు కొమ్మ మీద ఎండ కాచుకుంటూ, భార్య అరిచి అరిచి అలిసిపోయాక ఒక్క మిడత పడేసేవాడు.

ఒకరోజు రాజమండ్రి నుంచి పేరిందేవమ్మ అనే ఆవిడ అడవి చూడడానికి వచ్చింది. మెడలో కెమెరా, సంచిలో పోపులపెట్టె. ఎక్కడికెళ్లినా తన వంట తనే చేసుకోవాలి మరి! పిట్టలిద్దరి పేర్లూ అడిగింది, ఇద్దరి ఫొటోలూ తీసింది. సాయంత్రం వాటిని తోటివాళ్లకు చూపిస్తూ, "మిడత తెస్తున్న ఈ బుద్ధిమంతుడు టొక్కు. కునుకుతున్న ఈ సోమరిపోతు బిర్రు" అని గట్టిగా చెప్పింది.

చూశారా అన్యాయం!

గినీకోళ్లు ఆ మాట విన్నాయి. విన్నాక ఊరుకుంటాయా? పరుగున వెళ్లి బిర్రు భార్య చెవిన వేశాయి.

లోపల్నుంచి ఆమెకు కనిపించేది ముక్కు ఒక్కటే. అది ఎవరిదైనా కావచ్చు. తెల్లారి బిర్రు రాగానే మండిపడింది. "ఎవరు నువ్వు? నా మొగుడు ఎండలో పడుకున్నాడట! పరాయి తిండి మాకొద్దు, పో!" అంటూ సందు కూడా మూసేసింది.

లోపల మూడు పిల్లలు ఆకలితో కీచుమన్నాయి. బిర్రుకి ఒళ్లు మండిపోయింది. ఎగిరి వెళ్లి పేరిందేవమ్మ పొయ్యి పక్కన వాలాడు.

"ఏమమ్మా! నా కష్టాన్ని ఇంకొకడికి కట్టబెట్టడానికి నీకు నోరెలా వచ్చింది? నా పిల్లలు పస్తులున్నారు!"

"నేనేం చెయ్యను నాయనా? మీరిద్దరూ ఒక్కలాగే ఉన్నారు."

"అయితే మళ్లీ అడగాలి. తెలియకుండానే పేరు చెప్పేస్తావా?"

బిర్రు కళ్లు పోపులపెట్టె మీద పడ్డాయి. కారం గిన్నెలో ముక్కు మొదలంటా ముంచాడు. ఒకటే మంట! కన్నీళ్లు ధారలు కట్టాయి. అయినా ముక్కు తుడుచుకోలేదు.

వెనకే వచ్చిన టొక్కు, వీడికేదో రుచైనది దొరికిందనుకుని పక్కనున్న పసుపు గిన్నెలో ముక్కు పెట్టాడు.

బిర్రు తొర్ర దగ్గరికి పోయి, "ఎర్రముక్కు నాది. ఈ ఒక్కరోజు చూడు" అని అరిచాడు. పిల్లల ఏడుపు భరించలేక ఆమె మట్టిని పొడిచి చూసింది. పొద్దుగూకేదాకా మిడత పట్టుకుని వచ్చింది ఎర్రముక్కే. పసుపుముక్కు ఎదురుకొమ్మ మీద కునుకుతోంది.

"అయ్యో, గినీకోళ్ల మాట నమ్మి నీ మొహానే తలుపేశాను" అని ఆమె ఏడ్చింది.

"ముందు పిల్లలకి పెట్టు" అన్నాడు బిర్రు, ఇంకా కోపంగానే.

పేరిందేవమ్మ అందరినీ మళ్లీ పిలిచి, ఫొటోలు చూపించి, తన తప్పు ఒప్పుకుంది. పసుపుముక్కు ఎన్నిసార్లు వచ్చిందో టొక్కు భార్య కూడా చూసింది. ఇక టొక్కుకీ మిడతల వెంట పరుగెత్తక తప్పలేదు.

అప్పటినుంచే ఆ పిట్టల్లో ఒక జాతికి ముక్కు ఎర్రగా, ఇంకో జాతికి పసుపుగా ఉంటోంది. ఫొటో తీసి, ముక్కు చూడకుండా పేరు చెప్పేవాళ్లు కనబడితే ఎర్రముక్కు పిట్ట ఈనాటికీ గొంతు చించుకుని తిడుతుంది.