రింగుకు చుట్టిన పూలు

దైవసహాయం మాస్టారిని ప్రశ్న అడగడమంటే ఒంటికి పని తెచ్చుకోవడమే. చినగోపవరం కాలేజీలో ముప్ఫై నాలుగేళ్లు ఆటల మాస్టారుగా చేసి, రిటైరై తొమ్మిదేళ్లు దాటినా, రోజూ పొద్దు పొడవకముందే వచ్చి బాస్కెట్‌బాల్ కోర్టు ఊడ్చిపోయే మనిషి ఆయన. ఆయన ఊడ్చిన సిమెంటు మీద చీమలు కాలు జారి పడేవని చెప్పుకునేవారు. "బంతి ఎందుకు చేజారిపోతోంది మాస్టారూ?" అని అడిగిన ఒకడికి నిండుబిందె ఎత్తించి, చుక్క తొణక్కుండా కోర్టు చుట్టూ నూరుసార్లు తిప్పించారు. అలా తిరిగినవాడు ఆ తరవాత తుపాను గాలిలో ఎదురు నడిచి కూడా గ్లాసులో టీ ఒలకనివ్వలేదు. మాస్టారు నోటితో జవాబు చెప్పగా విన్నవాడు మాత్రం ఆ జిల్లాలోనే లేడు.

ఆయన శిష్యుల్లో ఆఖరివాడు భీమేశ్వరరావు. ఇప్పుడు ఆ కాలేజీ జట్టుకు కోచ్ అతనే. ఆ మంగళవారం తెల్లవారుతుండగా, చేతిలో జట్టు జాబితా పట్టుకుని కోర్టు దగ్గరికి వచ్చాడు. పన్నెండు పేర్లు. అందులో ఒక పేరు మీద ఎర్రసిరా గీత. పది గంటలకల్లా ఆ కాగితం ప్రిన్సిపాలు గారి బల్ల మీద ఉండాలి.

"మాస్టారూ, అంత గొప్ప చెయ్యి ఒక్క సాయంత్రంలో ఎలా పోతుందండీ?" అన్నాడు.

గీత కింద ఉన్న పేరు చోడిపిల్లి నూకరాజు.

నూకరాజు సముద్రపొడ్డు పల్లె నుంచి ఆ ఏడే మొదటి సంవత్సరంలో చేరాడు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. ప్రతి గుమ్మం దగ్గరా వంగి వంగి, వాడికి తల వంచడం అలవాటైపోయింది. ఊళ్లో వాళ్లు దాన్ని వినయమనుకున్నారు. ఆటగాళ్లకిచ్చే సీటు మీద వచ్చినవాడు గనక, జట్టులో పేరున్నంత కాలమే హాస్టల్లో మంచమూ, మెస్సులో కంచమూ. స్కూలు పోటీల్లో వాడు ఒక్క మ్యాచ్‌లో నలభై రెండు పాయింట్లు వేశాడు. ఆ నలభై రెండు రైలు దిగేసరికి అరవై అయింది. కాఫీ హోటలు దాటేసరికి ఎనభై. చేపల మార్కెట్టు చేరేసరికి నూటపది, అదీ ఎడమచేత్తో. నిజానికి నలభై రెండే చాలు. వాడు బంతి వదిలితే రింగు ఇనుముకు అది తగిలినట్టే తెలిసేది కాదు. కింద వల ఒక్కసారి నిట్టూర్చేది, అంతే. ప్రాక్టీసులో వందకు నూటొకటి వేసేవాడు. ఆ పైది ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

చినగోపవరానికి కప్పు వచ్చి పదిహేడేళ్లయింది. ఊరు ఆ పదిహేడేళ్ల ఆకలినీ తెచ్చి ఆ పిల్లాడి ముందు వడ్డించింది. బస్టాండులో వాడి ఫ్లెక్సీ కట్టారు. అందులో వాడి తల మబ్బుల్లో ఉంది, పాదాల దగ్గర కప్పు ఉంది. సెలూన్ గవర్రాజు, ఊరందరి గడ్డాలూ గీసేవాడు, కప్పు వచ్చేదాకా తన గడ్డం గీసుకోనని ఒట్టు పెట్టుకున్నాడు. నూకరాజు దారిన పోతుంటే పిలిచి, "చూసుకో నాయనా, నా మొహం నీ చేతిలో పెట్టాను," అనేవాడు. వాడు నవ్వలేక నవ్వి, తల వంచుకుని వెళ్లిపోయేవాడు.

ఆ కాలేజీలో ఒక ఆచారం ఉంది. కొత్త ఆటగాడు సొంతగడ్డ మీద మొదటి మ్యాచ్ ఆడే రోజున, పక్కనున్న పాత కోర్టులో రింగు చుట్టూ ఒక పూలదండ చుడతారు. అతను గీత దగ్గర నిలబడి బంతి వేయాలి. బంతి రింగులోంచి దిగుతూ దండను తెంపాలి, పూలు రాలాలి. అప్పుడే జట్టు అసలు కోర్టులోకి అడుగు పెడుతుంది. బంతి పడేదాకా ఆ పూలను ఎవరూ ముట్టుకోకూడదు. ముడితే జట్టుకు అరిష్టం. ఎప్పుడూ జట్టు నాయకుడొక్కడే కట్టేవాడు, ఒకే ఒక్క దండ. కానీ వచ్చినవాడు నూకరాజు. సోమవారం మధ్యాహ్నానికే నిచ్చెన కింద క్యూ కట్టారు. రైసుమిల్లు వాళ్లు, పాత ఆటగాళ్లు, రిటైరైన లెక్చరర్లు, గవర్రాజు, అందరూ ఎవరి దండతో వారు వచ్చారు. చామంతులు, కనకాంబరాలు, లిల్లీలు, మధ్యమధ్య మరువం. ఆ పూట మూడు మండలాల్లో పెళ్లికూతుళ్ల జడల్లోకి పువ్వు దొరకలేదు. రింగు ఏనుగు మెడలా ఉబ్బింది. కింద నుంచి చూస్తే దేవుడి రథచక్రంలా ఉంది. నాలుగువేల మంది ఒక్కసారి ఈల వేస్తే కాలవ అవతల పశువులు తాళ్లు తెంపుకున్నాయి.

నూకరాజు మొదటి బంతి వేశాడు. పూలు చెదిరి, బంతి వెనక్కి వచ్చింది. "పరవాలేదు రాజా!" అన్నారు. రెండోది, మూడోది. ఆరో బంతికి చప్పట్లు పలచబడ్డాయి. తొమ్మిదో బంతికి ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. పదకొండోది కూడా పూరేకులు రాల్చుకుని వచ్చి వాడి పాదాల దగ్గర ఆగింది.

"ఏరా తాటిచెట్టూ!" అని గవర్రాజు గొంతు లేచింది. "దేవుడు ఎత్తయితే ఇచ్చాడు గానీ, కాయ పెట్టడం మరిచిపోయాడేంట్రా?"

నలుగురు నవ్వారు. నలుగురు నవ్వేసరికి నాలుగువేల మందీ నవ్వారు. అంతలో రిఫరీ వేళయిందని ఈల వేశాడు. ఆచారం తీరకుండానే జట్టు అసలు కోర్టుకు నడిచింది. అక్కడి రింగుకు పూలు లేవు, అడ్డం లేదు. అయినా నూకరాజు ఆ సాయంత్రం ఒక్క బంతీ రింగు వైపు విసరలేదు. రింగు కింద ఒంటరిగా దొరికినప్పుడు కూడా పక్కవాడికి అందించేశాడు. ఇరవయ్యొక్క పాయింట్ల తేడాతో ఓడిపోయారు.

మ్యాచ్ అయ్యాక భీమేశ్వరరావు వాణ్ణి పక్కకు పిలిచి, "ఏమైందిరా నీకు?" అని అడిగాడు.

"సార్, పాత కోర్టులో రింగు చిన్నదైపోయిందండి."

"ఓడిపోయిన ప్రతివాడూ చెప్పే మాటే అది. ఇంకోసారి నా ముందు అనకు," అని, వాడు చూస్తుండగానే ఎర్రపెన్ను తీసి జాబితాలో ఆ పేరు కొట్టేశాడు. అక్కడ గుమ్మమేమీ లేదు. అయినా వాడు తల వంచుకున్నాడు.

ఇదంతా శిష్యుడు చెబుతున్నంతసేపూ దైవసహాయం మాస్టారు పాత కోర్టులో రింగు కింద రాలిన రేకులు ఊడుస్తూనే ఉన్నారు. గంపెడు రేకులు. చెప్పడం అయ్యాక చీపురు గోడకు ఆనించి, "నిచ్చెన తీసుకురా. బంతి కూడా," అన్నారు.

భీమేశ్వరరావు నిచ్చెన వేశాడు గానీ ఎక్కలేదు. "ఆ పూలు ముట్టుకుంటే అరిష్టమండీ."

"నిన్నటికంటేనా?"

అతను ఎక్కాడు. రాత్రి మంచుకు పూలు ఇంకా తాజాగానే ఉన్నాయి. కింద నుంచి రథచక్రంలా కనబడింది, పైనుంచి చూస్తే ఏదో ఊపిరాడని గొంతులా ఉంది.

"బంతి రింగులో పెట్టు," అన్నారు మాస్టారు కింద నుంచి. "విసరకు. చేత్తోనే పెట్టు."

పెట్టాడు. ఇంచుమించు రెండు బంతులు పక్కపక్కన పట్టే రింగు అది. బంతి కుదురు మీద కుండలా పూల మీద కూర్చుంది. వేలితో నొక్కాడు. అరచేత్తో నొక్కాడు. రెండు చేతులూ ఆనించి, ఒంటి బరువంతా వేసి నొక్కాడు. బంతి కదల్లేదు.

బంతిని అక్కడే వదిలేసి, ఎలా దిగాడో తెలియకుండా దిగి, హాస్టలు వైపు పరిగెత్తాడు. కుర్రాళ్లకు పరుగు నేర్పే కాళ్లు ఆ రెండు ఫర్లాంగులకే మూడుసార్లు తడబడ్డాయి. మెస్సులో వంటచేసే వెంకాయమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"నూకరాజేడి వెంకాయమ్మా?"

"ఇంకెక్కడి నూకరాజు బాబూ! అయిదింటి బస్సుకే ఎల్లిపోయాడు. పెట్టె భుజానేసుకుని ఒచ్చి దణ్ణం పెట్టాడు. ఉప్మా అయిపోవొచ్చింది, రెండు ముద్దలు తినెల్లరా అన్నాను. 'నా పేరు లేదు కదమ్మా, నేను తినకూడదు' అన్నాడు." ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మళ్లీ ఎప్పుడొత్తావురా అంటే, ఇంక జన్మలో బంతి ముట్టుకోనన్నాడు. ఏటి చేసారు బాబూ ఆ పిల్లాణ్ణి?"

భీమేశ్వరరావు తిరిగి వచ్చేటప్పుడు నడిచే వచ్చాడు.

మాస్టారు నిచ్చెన పట్టుకుని నిలబడే ఉన్నారు. భీమేశ్వరరావు మళ్లీ ఎక్కి, ఒక్కొక్క దండా విప్పడం మొదలుపెట్టాడు. అరటినార ముళ్లు గట్టిగా బిగిసి ఉన్నాయి. ప్రేమగా కట్టినవి గనక తేలిగ్గా రాలేదు. జరీదారం చుట్టినది ఒకటి, తులసి కలిపినది ఒకటి, చిన్నపిల్లల అక్షరాలతో 'గెలుపు మనదే' అని రాసిన చీటీ కుట్టినది ఒకటి. ఒక్కొక్కటే కిందికి వదులుతున్నాడు. ఆగి ఆగి చూస్తున్నాడు. ఇరవయ్యో, ముప్ఫయ్యో విప్పాక, ఎవరూ తొయ్యకుండానే, బంతి రింగులోంచి జారి వలను నిట్టూర్పించి నేల మీద పడింది. రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. చప్పట్లు కొట్టడానికి అక్కడ ఎవరూ లేరు.

భీమేశ్వరరావు కిందికి దిగి, ఆ పూలకుప్ప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. దండలు ఒక్కటొక్కటిగా చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, పక్కన పెడుతున్నాడు.

"ఏం వెతుకుతున్నావు?" అన్నారు మాస్టారు.

"నాది మాస్టారూ. మా ఆవిడ తెల్లారగట్ల లేచి కట్టింది. ఇందులో ఎక్కడుందో తెలియడంలేదు." ఇంకో దండ తిప్పి చూసి, "నేను చుట్టింది ఒక్క మూరే కదండీ," అన్నాడు.

దైవసహాయం మాస్టారు వంగి చీపురు అందుకున్నారు.

"అందరూ చుట్టింది ఒక్కో మూరే నాయనా."