చెంగున ఒక పోగు

దేవుడే దిగివచ్చి అడిగినా సన్యాసప్పడుగారు ఒక్క మాటలో జవాబు చెప్పే మనిషి కాదు. శ్రీకాకుళం వైపు ఒక చిన్న ఊళ్లో రాట్నం మీద నూలు వడకడం నేర్పే ఆ పెద్దాయన, ప్రశ్న వినగానే దువ్వెనలాంటి వాలుగ చేప దవడ చేతపట్టి పత్తి ఏకుతూ కూర్చుంటారు. అడిగినవాళ్లు విసిగి లేచిపోతే పోయారు, కూర్చుంటే అప్పుడు చూద్దామన్నట్టు ఉంటుంది ఆయన వ్యవహారం.

ఆయన శిష్యురాలు దమయంతి కొత్తగా బాలబడిలో టీచరుగా చేరింది. పీచు అంటే ఏమిటో, దానితో బట్ట ఎలా అవుతుందో అయిదేళ్ల పిల్లలకు చెప్పలేక నీరుగారిపోయింది. పత్తి, ఉన్ని, పట్టు, గోగునార అని పటం మీద చూపిస్తే చిలకల్లా అప్పజెప్పారు. బట్ట ఎక్కణ్ణుంచి వస్తుందంటే మాత్రం కొట్లోంచి అన్నారు. ఈ ఉద్యోగం తనవల్ల కాదని, మానేస్తానని గురువుగారి దగ్గర కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయన చాలాసేపు పత్తి ఏకి, రేపు నీ చీర కట్టుకుని బడికి వెళ్లు, నేనూ వస్తానన్నారు.

నీ చీర అంటే ఏదో ఆమెకు తెలుసు. ఆయన దగ్గర శిష్యులు మొదటి ఏడాది వడికిన నూలు అమ్మరు. దానితో తమకే ఒక బట్ట నేయించుకుంటారు. దమయంతి ఆ చీర కట్టుకోవడానికి కూడా మనసొప్పక దాచుకుంది.

మర్నాడు పిల్లల మధ్య గురువుగారు ఆ చీర చెంగు అందుకుని, చివరి పోగు ఒకటి సర్రున లాగేశారు. దమయంతికి ప్రాణం పోయినంత పనయింది. ఆయన అదేమీ పట్టించుకోక పోగును జానెడు తుంచి, ఒక కొస తాను పట్టుకుని, రెండో కొస పైడితల్లి అనే పిల్ల వేళ్లలో పెట్టి, పురి వెనక్కి తిప్పమన్నారు. పిల్ల నాలుక బయటపెట్టి మరీ తిప్పింది. బిగువుగా ఉన్న దారం మెత్తబడి, విచ్చుకుని, కంటికి ఆనీ ఆనని నూగుగా మిగిలింది. పిల్ల ఊపిరి తగిలి ఆ నూగు గాలిలోకి లేచింది. బడంతా నోళ్లు తెరుచుకుని దానివెంటే తలలెత్తింది.

"టీచరమ్మా, నీ సీరంతా ఇదేనేటి?" అంది పైడితల్లి గుసగుసగా.

దమయంతికి ఒళ్లు గగుర్పొడిచింది. ఏడాది పొడుగునా తన వేళ్ల మీదుగానే నడిచింది ఆ వింత. ఊపిరికి ఆగనిదాన్నే ఒంటికి చుట్టుకుని నిలబడి ఉంది తను. అవును తల్లీ, అంతా ఇదేనంటూ రెండో పోగు తానే లాగి పక్క పిల్లవాడికిచ్చింది. తర్వాత మూడోది.

గురువుగారు గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ, ఆమెకు మాత్రమే వినపడేలా అన్నారు:

"ఇన్నాళ్లూ నువ్వు వడికింది ఉత్త నూలేనమ్మా. చదువు వడకడం ఇవాళే మొదలెట్టావు."