కంకి ఎంచుకున్న గూడు

అనగనగా ఒక అడవి, ఆ అడవిలో ఒక వాగు, ఆ వాగు మీదికి వంగిన ఒక తుమ్మచెట్టు. ఆ చెట్టు నిండా గిజిగాళ్ళు గూళ్ళు కట్టుకునేవి.

గిజిగాళ్ళలో ఒక పద్ధతి ఉంది పిల్లలూ. గూడు అల్లేది మగపక్షి. సగం అల్లి, దానికి వేలాడుతూ, రెక్కలు కొట్టుకుంటూ పిలుస్తుంది. ఆడపక్షి వచ్చి గూటి మెడను ముక్కుతో పట్టుకుని, ఒంటి బరువంతా వేసి లాగి చూస్తుంది. నిలిస్తే ఉంటుంది. ఊడితే వెళ్ళిపోతుంది. గూడు నచ్చితేనే కాపురం. మనుషుల్లో ఇంత మర్యాద ఇంకా రాలేదు.

ఎందుకంత గట్టిగా లాగడం? గూట్లో పెట్టేది గుడ్లు. కింద వాగు.

ఆ చెట్టు మీద కంకి అనే ఆడపక్షి ఉండేది. తెలివైనది. ఆ సంగతి అందరికంటే ముందు దానికే తెలుసు. ఆ ఏడే మొదటిసారి గుడ్లు పెట్టబోతోంది.

అదే చెట్టు మీద జీరంగి అనే మగపక్షి ఉన్నాడు. పచ్చి ఈతాకు చీల్చి, నార తీసి అల్లడం అతనికి బద్ధకం. ఎండుగడ్డి పోగుచేసి గబగబా ఒక గూడు చుట్టేశాడు. లోపల చిన్న మట్టిముద్ద పెట్టి, దానికి ఒక మిణుగురును అతికించాడు. ఆ తర్వాత రోజూ దొరికిన లావుపాటి మిడతల్ని తాను తినకుండా, ఆ చెట్టు మీదే ఉండే ఒక గోరింకకు ఇవ్వసాగాడు. గోరింక ఎవరి మాటనూ ఊరికే పలకదు.

మర్నాడు తెల్లారగానే గోరింక మొదలుపెట్టింది.

"చీకటి గూడు చేటు గూడు!
మిణుగురు గూడు మంచి తల్లి గూడు!"

పొద్దున అదే పాట. మధ్యాహ్నం అదే పాట. సాయంత్రం గింజలకు వెళ్ళినచోటా అదే పాట.

ఆడపక్షులు గోరింక చుట్టూ మూగాయి. కంకి వాటిని చూసి నవ్వింది.

"చూశావా నూకాలక్కా ఈ పిచ్చిమేళాన్ని! మిడత మింగి పాడే పాటకి తలలూపుతున్నాయి," అంది.

నూకాలు ఎన్నో వానాకాలాలు చూసిన పెద్ద పక్షి. "నీకు వినబడటం లేదా?" అని అడిగింది.

"వినబడితే ఏం? ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాను. ఇలాంటివి నా దగ్గర పనిచెయ్యవు."

"అలాగా," అంది నూకాలు.

కొన్నాళ్ళకి రెండూ గట్టున గడ్డిగింజలు ఏరుకుంటున్నాయి. కంకి గింజకీ గింజకీ మధ్య ఏదో కూనిరాగం తీస్తోంది.

"ఏం పాడుతున్నావే?" అంది నూకాలు.

"నేనా? నేనేం పాడలేదే!"

"మంచి తల్లి గూడు అంటున్నావు."

"నోటికి వస్తే వచ్చిందిలే. అంతమాత్రాన నమ్మినట్టా?" అని కంకి విసుక్కుంది.

గుడ్లు పెట్టే వేళ దగ్గరపడింది. కంకి ముందు పీచయ్య అనే మగపక్షి గూటికి వెళ్ళింది. పీచయ్య నోట్లో మాట తక్కువ, నార ఎక్కువ. కంకి గూటి మెడ పట్టుకుని లాగింది. కదల్లేదు. ఇంకా గట్టిగా లాగింది. కొమ్మ వంగింది గానీ గూడు ఊడలేదు. అప్పుడు లోపలికి తొంగి చూసింది.

"గట్టిగానే ఉంది. కానీ..." అంది.

"కానీ ఏంటమ్మాయీ?" అన్నాడు పీచయ్య.

"లోపల చీకటిగా ఉంది."

పీచయ్య తెల్లబోయాడు. "గూడన్నాక చీకటి కాక ఎండ కాస్తుందా? చీకటైతేనే పిల్లలు కాకి కంట పడకుండా ఉంటారు."

"ఏమో బాబూ, నాకెందుకో మనసొప్పడం లేదు."

అక్కణ్ణుంచి జీరంగి గూటికి వెళ్ళింది. లోపల కొత్తగా అతికించిన మిణుగురు మినుకుమినుకుమంటోంది. కంకి గూటి మెడ పట్టుకుంది. గట్టిగా లాగితే మట్టిముద్ద రాలి మిణుగురు పోతుందేమో! మెల్లగా ఒక్కసారి లాగి వదిలేసింది.

నూకాలు పైకొమ్మ నుంచి కేకేసింది. "అదేం లాగడమే? ఈగ వాలినట్టుంది! గట్టిగా లాగు!"

"లాగానుగా!"

"గోరింక మాట పట్టుకున్నావా ఏంటి?"

కంకికి ఒళ్ళు మండింది. "గోరింక మాట వినేది అదిగో, ఆ గుంపు. నేను రెండు గూళ్ళూ చూశాను, ఆలోచించాను, ఎంచుకున్నాను. నా పిల్లలకు ఏది మంచిదో నాకు తెలియదా?"

ఆ గూట్లోనే గుడ్లు పెట్టింది. మిణుగురు మర్నాటికే చచ్చిపోయింది. జీరంగి అప్పటికే పక్క కొమ్మ మీద ఇంకో గూడు మొదలుపెట్టాడు. గోరింకకు మిడతలు అందుతూనే ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం వానతో కలిసి గాలి లేచింది. తుమ్మచెట్టు ఊగిపోయింది. పీచయ్య గూడు ఊగింది గానీ ఊడలేదు. జీరంగి కట్టిన గూడు మెడ దగ్గర తెగింది. కంకి బయటికి ఎగరగలిగింది. గుడ్లకు రెక్కలుండవు.

వాగు వాటిని తీసుకుపోయింది. చప్పుడు కూడా కాలేదు.

వాన వెలిశాక పక్షులన్నీ చేరాయి.

"ఇలాంటి గూట్లో గుడ్లు పెడుతుందా ఏ తల్లయినా?" అంది ఒక పక్షి. నిన్నటిదాకా గోరింక ముందు తల ఊపింది అదే.

"నేనేమన్నా బలవంతం చేశానా? చూసుకునేగా వచ్చింది," అన్నాడు జీరంగి.

"నేను పాట పాడాను. అంతే. లాగి చూడొద్దని పాడానా?" అంది గోరింక.

మంచి తల్లివి అవుతావని ఊరించినవాళ్ళే చెడ్డ తల్లి అని తేల్చడానికి ముందు నిలబడ్డారు.

కంకి వాగు వైపు తిరిగింది.

"నూకాలక్కా, నేను చీకటి గూట్లోనే పుట్టాను. మా అమ్మా అంతే. చీకటి చేటని మా ఇంట్లో ఎవరూ అనలేదు. మరి ఆ భయం నాలోకి ఎప్పుడొచ్చింది?"

నూకాలు తలెత్తి చూసింది. పైన గోరింక అప్పుడే గొంతు సవరించుకుంటోంది.

"ఇంకో చెట్టుకు పోదాం పద తల్లీ. అక్కడ ఆ పాట వినబడదు," అంది నూకాలు.

"అడవంతా అదే గొంతు, ఎక్కడికని పోతాం? చెవులకు తలుపులుండవక్కా. నా ఒక్కదానికే ఉన్నాయనుకున్నాను. ఆ ధైర్యంతోనే కాపలా మానేశాను."

ఆ వానాకాలం కంకి మళ్ళీ గుడ్లు పెట్టలేదు.

నీతి: "నన్నెవరూ మాటలతో మార్చలేరు" అనుకునేవారి మనసులోకే ఆ మాటలు తీరిగ్గా వచ్చి కూర్చుంటాయి. ఇది నా ఇష్టం అనేముందు, ఆ ఇష్టాన్ని నాలో ఎవరు నాటారని అడగాలి.