చారు గిన్నె పక్క సీటు

ఎవరైనా కారు తెచ్చి చూడమంటే ఇందుమతి మేడమ్ ముందుగా బానెట్ ఎత్తేవారు కాదు. "ఇందులో ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారు?" అని అడిగేవారు. పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాక, విశాఖపట్నం చివర అడివివరంలో తన ఇంటి ముందు షెడ్డు వేసుకుని ఆమె చేస్తున్న పని అదే. అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ బండి సంగతి ఉన్నదున్నట్టు చెప్పడం. ఆ ప్రశ్న విని కొందరు నవ్వేవారు, కొందరు విసుక్కునేవారు. ఆమె మాత్రం జవాబు వచ్చేదాకా ఆగేవారు.

ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న సుధీంద్రకి ఒక కారు దగ్గర చిక్కు వచ్చింది. చూడటానికి చిన్నది. ఆ చిన్న ఒంట్లో పెద్ద ఇంజిను, టర్బో, వెడల్పాటి టైర్లు, నేలకి దగ్గరగా దించిన ఒళ్లు. పరుగు సరదా ఉన్నవాళ్ల కోసమే కంపెనీ చేసిన రకం. సుధీంద్ర దాన్ని రెండు పూటలు తిప్పి వచ్చి అడిగాడు.

"మేడమ్, ఇలాంటి కారు రోజువారీకి పనికొస్తుందో లేదో ఎలా తేల్చాలి? ఇంజినుకి వంక పెట్టలేను. బ్రేకులు చాలా బాగున్నాయి. మలుపులో రోడ్డుని వదలదు. కానీ గతుకు వస్తే వెన్నులో తెలుస్తోంది. నడిపేవాళ్లని అడిగితే ప్రాణం అంటారు, ఇంట్లోవాళ్లని అడిగితే అమ్మేయమంటారు. ఎవరి మాట నమ్మాలి?"

"నువ్వు దాన్ని ఎలా తిప్పావు?"

"ఒక్కణ్నే, మేడమ్. ఖాళీగా, తెల్లారగట్ల. ట్రాఫిక్ లేకుండా ఉంటుందని."

ఇందుమతి మేడమ్ తల ఊపారు.  కారు వాళ్లని ఆదివారం సాయంత్రం రమ్మని కబురు చేశారు.

కారు పైడిరాజుది. షిప్‌యార్డులో సూపర్‌వైజరు, మధ్యాహ్నం షిఫ్టు. భార్య నూకరత్నం ఆరిలోవలో కర్రీ పాయింటు నడుపుతుంది. పొద్దున్న ఇంట్లో వండిన గిన్నెలన్నీ ఈ కారులోనే అక్కడికి చేరాలి. ఆ ఇంటికి రెండో బండి లేదు, పెట్టుకునే చోటూ లేదు. దాలినాయుడనే ఆయన దగ్గర ఎత్తైన మినీ వ్యాన్ ఒకటి ఉంది. కారు ఇస్తే వ్యాన్ ఇస్తానన్నాడు, ఆ మర్నాడే బండితో సహా వస్తానన్నాడు. ఇవ్వాలని నూకరత్నం, ఇవ్వకూడదని పైడిరాజు. ఆ ఇంట్లో నెలరోజులుగా వేరే మాట లేదు. చివరికి ఇందుమతి మేడమ్ ఎలా చెబితే అలా చేద్దామని ఇద్దరూ ఒప్పుకున్నారు. పైడిరాజుకి ఆ కారంటే ఎంత ప్రాణమో, అతను దాన్ని షెడ్డులోకి తెచ్చి నిలిపిన తీరులోనే తెలిసిపోయింది. దిగాక అద్దం మీది దుమ్ము చొక్కా చేత్తో తుడిచాడు.

"ఎవరెవరు ఎక్కడ కూర్చుంటారు?" అని అడిగారు మేడమ్.

నూకరత్నం అందుకుంది. "ఆయన ముందు, నేను వెనక. పక్కన చారు గిన్నె. మిగతావి డిక్కీలో పడతాయి గాని చారు గిన్నె పొడుగు, పట్టదు. దానికి బెల్టు కట్టి, పక్కన నేను కూచుని రెండు చేతులా పట్టుకోవాలి. అద్దెకారులో పోయినట్టు పోతాం, మాటా పలుకూ లేకుండా. ప్రతి స్పీడ్ బ్రేకరుకీ చారు నాకు దణ్ణం పెడతాది."

"ఎప్పుడో ఒకసారి ఒలికింది మేడమ్," అన్నాడు పైడిరాజు.

"ఒకసారా? మొన్న ఒలికింది మూడు రోజులు సీటు కింద ఉండిపోనాది. సిగ్నలు దగ్గర పక్క బండివాళ్లకి ఆకలేసింది."

సుధీంద్ర నవ్వు ఆపుకున్నాడు. పైడిరాజు ఆపుకోలేదు. నవ్వేశాక, "ఇలగ చెబితే ఎవరైనా అమ్మేయమంటారు. ఆ కారు సంగతి దీనికి తెలీదు మేడమ్," అన్నాడు.

"నీకు లైసెన్సు ఉందా అమ్మా?" అని ఇందుమతి మేడమ్ నూకరత్నాన్ని అడిగారు.

"ఉంది. కొట్టు పెట్టిన కొత్తలో మా అన్నయ్య ట్రాలీ ఆటో నేనే తోలేదాన్ని. ఈ కారొచ్చాక నన్ను వెనక్కి పంపించీసినారు."

"అయితే రేపు నువ్వే నడుపు. గిన్నె ఆయన పట్టుకుంటారు."

మర్నాడు వంటలయ్యాక పప్పు, వంకాయ కూర, దొండకాయ వేపుడు డిక్కీలో సర్దారు. చారు గిన్నెకి మూతపెట్టి, పైన తడిగుడ్డ బిగించి కట్టి, వెనక సీటు మధ్యలో కూర్చోబెట్టారు. దానికి ఒక పక్క పైడిరాజు, ఇంకో పక్క సుధీంద్ర. ముందు సీట్లో మేడమ్. నూకరత్నం సీటు ముందుకి జరుపుకుని, అద్దం సరిచేసుకుని బయల్దేరింది.

ఆమె వేగంగా నడపలేదు. అది సుధీంద్ర గమనించాడు. బడి ముందు ఒక స్పీడ్ బ్రేకరు ఎత్తు, ఆసుపత్రి ముందు ఒకటి, ఎవరో ఇంటి ముందు సొంతంగా పోసుకున్నది ఒకటి. ప్రతిదానికీ ముందే బ్రేకు వేసి, దాదాపు ఆగి, మెల్లగా ఎక్కించింది. అయినా వెనక చక్రాలు దిగేసరికి సీటు ఒక్క గుద్దు గుద్దేది. గిన్నెలో చారు లేచి మూతని తాకేది. గుడ్డ తడిసింది. తర్వాత పైడిరాజు చేతులు తడిశాయి.

"నెమ్మది, నెమ్మది," అన్నాడు.

"ఇంతకంటే నెమ్మది అంటే దిగి తొయ్యాలి," అంది నూకరత్నం అద్దంలోకి చూడకుండానే.

ముడసర్లోవ దగ్గర రోడ్డు తవ్వి వదిలేసిన చోట మూత పక్కకి జరిగింది. గోరువెచ్చని చారు అతని చొక్కా మీదుగా ఒళ్లోకి దిగింది. పైడిరాజు చేతులు వదల్లేదు. వదిలితే మొత్తం పోతుంది. ఆ తర్వాత ఆరిలోవ వచ్చేదాకా అతను రోడ్డు చూడలేదు. మలుపు వస్తోందో, పక్కన లారీ పోతోందో అతనికి తెలియదు. గుడ్డ ముడి మీదే కళ్లుంచి కూర్చున్నాడు.

కొట్టు దగ్గర పైడిరాజు చెల్లెలు చిన్నమ్మి గిన్నెలు దింపుకుంది. చారు గిన్నె ఊపి చూసి, "ఇవాళ తక్కువ కాచావేటి వదినా?" అంది.

"మిగతాది మీ అన్నయ్య చొక్కాకి ఉంది. పిండుకో."

పైడిరాజు కొళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. ఆ మాటకి అతను నవ్వలేదు. సుధీంద్ర మేడమ్ పక్కకి వచ్చి మెల్లగా, "తేలిపోయినట్టే కదా?" అన్నాడు. ఆమె విననట్టు నూకరత్నం వైపు తిరిగారు.

"ఇంటిదాకా మమ్మల్ని మళ్లీ నువ్వే తీసుకెళ్లు అమ్మా."

"ఖాళీ బండికి నేనెందుకమ్మా? బేరాల వేళ. ఆయన రోజూ ఒక్కరే ఎల్లిపోతారు కదా."

"రోజూ ఒక్కరే వెళ్తారు. అందుకే అడుగుతున్నాను."

 నూకరత్నం గరిటె చిన్నమ్మి చేతిలో పెట్టి వచ్చి కారెక్కింది.

ఊరు దాటేదాకా ఆమె వచ్చినట్టే నడిపింది. ఎత్తు కనిపించగానే ముందే బ్రేకు, వెనక నుంచి చప్పుడు వస్తుందని చెవి వెనక్కి పెట్టడం. వెనక ఒలకడానికి ఏమీ లేదు. ముడసర్లోవ దాటాక రోడ్డు కొండ పక్కగా వంపులు తిరుగుతూ ఖాళీగా ఉంది. ముందు ఒక సిమెంటు లారీ పోతోంది. దాన్ని దాటడానికి ఆమె యాక్సిలరేటరు నొక్కింది. ట్రాలీ ఆటో అలవాటు కొద్దీ కాస్త గట్టిగానే నొక్కింది.

కారు లారీని దాటి, ఆమె అనుకున్న చోటికి చాలా ముందే మళ్లీ తన వరసలోకి వచ్చి కూర్చుంది. ఎదురుగా వంపు. స్టీరింగు కొద్దిగా తిప్పింది. కారు అంతే తిరిగింది. ఎక్కువా లేదు, తక్కువా లేదు. పొద్దున్న గిన్నెని గుద్దిన ఆ గట్టితనమే ఇప్పుడు కారుని రోడ్డుకి అంటిపెట్టి ఉంచింది. తర్వాతి వంపుకి నూకరత్నం వీపు సీటుకి ఆనింది. ఆ తర్వాతి వంపుకి కొంగు నడుముకి దోపుకుంది.  మేడమ్ కిటికీలోంచి కొండ చూస్తున్నారు. వెనక పైడిరాజు భార్య భుజాలనే చూస్తున్నాడు.

వాళ్ల వీధి మలుపు వచ్చింది, వెళ్లిపోయింది.

"ఇల్లు దాటిపోయింది రత్నం," అన్నాడతను.

"తెలుసు."

సింహాచలం కొండ కిందిదాకా పోయి, అక్కడ తిప్పుకుని వచ్చి ఇంటి ముందు ఆపింది. అప్పటికే దాలినాయుడు వ్యాన్ గోడ నీడకి పెట్టి ఎదురుచూస్తున్నాడు. వ్యాన్ తలుపు తీసే ఉంది. లోపల చదునుగా, వెడల్పుగా ఉంది. నాలుగు చారు గిన్నెలు పట్టేటంత చోటు.

పైడిరాజు దిగి తిన్నగా అతని దగ్గరికి వెళ్లాడు. "నాయుడూ, మాటలేం వద్దు. వ్యాన్ ఉంచి కారు పట్టుకుపో." వెనక్కి తిరిగి భార్యని తాళం అడిగాడు.

నూకరత్నం తాళం ఇవ్వలేదు. "ఎందుకు?"

"ఏటెందుకు? నా చొక్కా చూడలేదా? రెండేళ్లు ఎలగ కూచున్నావే ఆ పక్కన?"

"చెప్పాను కదేటి. రోజూ చెప్పాను."

"చెప్పావు," అన్నాడు పైడిరాజు.

 ఆమె తాళాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది.

"మీరూ చెప్పినారు. ముడసర్లోవ దాటాక ఒంట్లో అదేదో అవుతాదని. నేనది వొట్టి పెట్రోలు దండగ అనుకున్నాను."

"బేరం ఉందో లేదో చెప్పండమ్మా, ఎండెక్కిపోతోంది," అన్నాడు దాలినాయుడు.

"లేదు నాయుడూ. ఏటనుకోకు, మజ్జిగ తాగి ఎల్లు." తర్వాత భర్తతో అంది. "పప్పు ఒలకదు, కూరలు ఒలకవు. చారొక్కటే కదా. అది కొట్టులోనే కాస్తాను. స్టవ్ ఉంది అక్కడ."

"ఇన్నాళ్లూ ఎందుకు కాయలేదు?"

"మీ సరదాకి నేనెందుకు కాయాలి ఆ ఇరుకులో?"

 పైడిరాజు తడి చొక్కా ఒంటికి అంటుకుంటే లాగి వదిలాడు. "చింతపండు నేను పిసుకుతాను," అన్నాడు చివరికి.

"పిసుకుదురు గాని, ఇకమీద బండి నేను తోలతాను."

"ఎల్లేటప్పుడా, వచ్చేటప్పుడా?"

"వచ్చేటప్పుడు. మళ్లీ నన్ను కొట్టుకాడ దింపీసి మీరు షిఫ్టుకి పోండి."

"అదేటి, రెండు ట్రిప్పులు కదా?"

అక్కడినుంచి వాళ్ల వాదం కొత్త దారిలో పడింది. తీర్పు అడగాలన్న సంగతి ఇద్దరూ మరిచిపోయారు. దాలినాయుడు మజ్జిగ తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి, వ్యాన్ తిప్పుకుని వెళ్లిపోయాడు. ఇందుమతి మేడమ్ గేటు బయటికి వచ్చి గొడుగు విప్పుకుని షెడ్డు వైపు నడిచారు. సుధీంద్ర వెనకే వచ్చాడు. కొంతదూరం పోయాక ఉండబట్టలేక అడిగాడు.

"మేడమ్, కారు సంగతి మీరేమీ చెప్పనేలేదు."

"ఇన్నాళ్లూ ఆ ఇంట్లో రెండు కార్లుండేవి, ముందు సీటుది ఒకటి, వెనక సీటుది ఒకటి," అన్నారు ఇందుమతి మేడమ్. "ఇవాళ ఒకటి వెళ్లిపోయింది."