చేతులు తియ్యమ్మా

భూలక్ష్మి చెయ్యి తేలిక. ఆ మాట కల్యాణకట్టలో అందరూ అనేవారు. కత్తి చూసి ఏడుపందుకున్న చంటిపిల్ల తల్లి భుజం మీదికి తిరిగేలోపే గుండు పూర్తయ్యేది. ఎక్కడా నెత్తుటి చుక్క కనబడేది కాదు.

అయినా ఆమెకింకా సొంత పీట రాలేదు.

కొండ మీది ఆ గుడిలో ఆడవాళ్ళ తలనీలాలు ఆడవాళ్ళే తీస్తారు. కొత్తగా చేరినవాళ్ళు పాతవాళ్ళ పక్కన కూర్చుని పని నేర్చుకోవాలి. నేర్పినావిడ సరేనంటేనే విడిగా పీట వేస్తారు. భూలక్ష్మికి నేర్పుతున్నది చెంచమ్మ. ఆ సరే అన్న మాట చెంచమ్మ నోట రావడం లేదు.

తన వెనక చేరిన మనిషికి పీట వచ్చేసిన రోజున భూలక్ష్మి ఉండబట్టలేకపోయింది. మధ్యాహ్నం అన్నాల దగ్గర అడిగేసింది.

"పెద్దమ్మా, నా చేతిలో లోపమేందో చెప్పు. దిద్దుకుంటా."

చెంచమ్మ పెరుగన్నం కలుపుకుంటూ, "చేతిలో ఏం లేదే," అంది.

"మరింకేంది?"

"తిను. జనం వస్తున్నారు."

భూలక్ష్మి ముద్ద పక్కన పెట్టేసింది. నేను విడిగా కూర్చుంటే తన ముందు ఎవరూ కూర్చోరని ముసలిదానికి భయం, అనుకుంది.

అన్నాలయ్యాక వచ్చినవాళ్ళలో నడివయసు ఆవిడ ఒకామె ఉంది. భర్తను బయట మెట్ల మీద కూర్చోబెట్టి వచ్చింది. మనిషి బాగా చిక్కిపోయి, గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆమె భూలక్ష్మి ముందు కూర్చుని జడ విప్పింది. జుట్టు నేల మీద పరుచుకుంది.

భూలక్ష్మి నీళ్ళు పోసి కుదుళ్ళు తడిపింది. కత్తి ఎత్తింది. ఆవిడ రెండు చేతులూ నెత్తి మీదికి వచ్చాయి.

"చేతులు తియ్యమ్మా."

తీసింది. కత్తి దగ్గరికి రాగానే మళ్ళీ పెట్టుకుంది.

"తెగుతుందని భయమా? నా చేతిలో ఎవరికీ తెగలేదు."

"భయం కాదమ్మా. కాసేపు ఆగు."

"మనసు ఒప్పకపోతే మూడు కత్తెరలిచ్చి వెళ్ళు. చాలామంది అంతే చేస్తారు."

"ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికొస్తే గుండు చేయించుకుంటానని మొక్కుకున్నా. ఆయనొచ్చాడు. మూడు కత్తెరలని మొక్కలేదు గదా."

"అట్లయితే చెయ్యి తియ్యి. నీ వెనక ఎంతమంది ఉన్నారో చూడు."

ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఒక పిల్లతల్లి విసుగ్గా మొహం తిప్పుకుంది. ఆవిడ నీళ్ళు కారుతున్న జుట్టును రెండు చేతులా పోగుచేసుకుని లేచి వెళ్ళిపోయింది.

"రండమ్మా తర్వాత," అని పిలిచింది భూలక్ష్మి.

వరస చకచకా తరిగింది. కాస్త ఊపిరాడాక చెంచమ్మ వైపు తిరిగి, "చూశావా పెద్దమ్మా? మొక్కడమెందుకు, పారిపోవడమెందుకు? ఇట్లాంటివాళ్ళతో వేగేదెట్లా?" అంది.

చెంచమ్మ చెంబు అందుకుని, తన ముందున్న చోటు చూపించింది. "కూర్చో."

కత్తి పట్టు చూపించబోతోంది కాబోలనుకుని భూలక్ష్మి కూర్చుంది. చెంచమ్మ ఆమె ముడి విప్పి నీళ్ళు పోసింది. నీళ్ళు చెవుల వెనకనుంచి జారి జాకెట్టులోకి దిగాయి. బొటనవేళ్ళు కుదుళ్ళలో మెల్లగా తిరిగాయి. ఎన్ని తలలకో తను చేసిన పనే. తనకు మాత్రం ఎవరూ చెయ్యలేదు.

తర్వాత కత్తికి కొత్త బ్లేడు ఎక్కిస్తున్న చప్పుడు వినబడింది.

"పెద్దమ్మా?"

చెంచమ్మ అరచేత్తో తల వంచి, పాపిట మీద కత్తి ఆనించింది. లాగలేదు. ఊరికే ఆనించి ఉంచింది.

చెంచమ్మ అడక్కుండా తన జుట్టు తియ్యదని భూలక్ష్మికి తెలుసు. బాగా తెలుసు. అయినా రెండు చేతులూ ఎప్పుడు లేచాయో, జుట్టును ఎప్పుడు పట్టుకున్నాయో ఆమెకు తెలియలేదు.

చెంచమ్మ కత్తి వెనక్కి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

ఇద్దరు ముగ్గురు కొత్తగా వచ్చి వెనక నిలబడ్డారు. "ఇక్కడ ఖాళీయేనా అమ్మా?" అని ఎవరో అడిగారు.

"లేదు, మనిషుంది. అట్లా కూర్చోండి," అంది చెంచమ్మ.

భూలక్ష్మి చెవులు వేడెక్కాయి. అందరూ తన వీపునే చూస్తున్నారనిపించింది. లేవబోయింది. చెంచమ్మ చెయ్యి భుజం మీద పడింది. తొయ్యలేదు, నొక్కలేదు. అట్లాగే ఉంది. ఎవరో దగ్గారు. ఎక్కడో చంటిపిల్ల ఏడ్చి ఊరుకుంది. చాలాసేపటికి వేళ్ళు వాటంతటవే వదులయ్యాయి. చేతులు దిగి ఒళ్ళో పడ్డాయి.

అప్పుడు చెంచమ్మ కత్తి మడిచి ఆ చేతుల్లో పెట్టింది.

"లే," అంది గుమ్మం వైపు చూస్తూ. "ఆవిడింకా మెట్ల మీదే ఉంది."

భూలక్ష్మి బయటికి వెళ్ళింది. ఆవిడ భర్త పక్కన కూర్చుని జుట్టు పిండుకుంటోంది. మనిషి నీడ పడితే తలెత్తింది.

భూలక్ష్మి కత్తిని కొంగులో ముడేసుకుంది. ఒక మెట్టు కిందుగా కూర్చుంది. ఇద్దరి జుట్టు నుంచీ నీళ్ళు కారుతూనే ఉన్నాయి.