వరహాలమ్మ మల్లెపొదలు

గోదావరి గట్టు దాపున ఒక ఊళ్లో వరహాలమ్మ అనే ఆవిడ ఉండేది. పెరట్లో ఏ మొక్కకు ఏం జరిగినా, దగ్గరికెళ్లి చూడకుండానే "దిష్టి తగిలింది" అని తేల్చేసేది.

ఆ వేసవిలో ఆవిడ ప్రాణమంతా ఆరు మల్లెపొదల మీదే ఉంది. రెండేళ్ల కిందట మనవరాలు లలితకు విషజ్వరం వచ్చి జుట్టంతా ఊడిపోయింది. "జుట్టు పెరగనీ తల్లీ, మన పెరటి మల్లెలతోనే పూలజడ వేస్తాను" అని ఆవిడ మాటిచ్చింది. ఇప్పుడు పిల్ల జుట్టు భుజాలు దాటింది. బడులు తెరిచేలోగా వస్తానని కబురు పంపింది.

మొగ్గలేమో విచ్చకముందే ఊదారంగుకు తిరిగి రాలిపోతున్నాయి. వరహాలమ్మ మిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకు ఇంటిల్లిపాదీ దగ్గారు గానీ మొగ్గలు రాలడం ఆగలేదు. పువ్వును తొక్కితే పాపమని, రాలినవన్నీ ఏరి భక్తిగా పొదల మొదట్లోనే పోసేది.

ఒకరోజు తోటికోడలు నూకరత్నం ఒక మొగ్గను గోటితో చీల్చింది. లోపల నూకకన్నా సన్నటి తెల్ల పురుగులు కదిలాయి.

"నీ దిష్టి ఇదేనక్కా," అంది.

"ఇంత పురుగు ఆరు పొదల్ని తినేస్తుందా? ఊరుకోవే," అంది వరహాలమ్మ.

నూకరత్నం గాజుసీసాలో మట్టి పోసి, రాలిన మొగ్గలు వేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి ఆవిడ మంచం పక్కనే పెట్టింది. పది రోజులు గడిచేసరికి సీసాలో దోమల్లాంటి చిన్న ఈగలు ఎగురుతున్నాయి.

వరహాలమ్మకు అప్పుడు తెలిసింది. మొగ్గలోని పురుగు మట్టిలోకి దిగి, ఈగై పైకొచ్చి, మళ్లీ కొత్త మొగ్గల్లో గుడ్లు పెడుతోంది.

"నా చేత్తో నేనే పెంచానే," అని కళ్లనీళ్లు పెట్టుకుంది. తర్వాత కళ్లు తుడుచుకుని కొంగు బిగించింది. రోజూ తెల్లవారగానే ఊదా తిరిగి ఉబ్బిన మొగ్గలు తుంచేది. రాలినవి ఒక్కటీ వదలకుండా ఏరి, ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి ఎండలో మాడ్చేది. మొదళ్లలో మట్టి గుల్లచేసి ఎండ తగలనిచ్చేది. నడుం పట్టేసినా ఒక్క పూట మానలేదు.

మొదటి పూత ఎలాగూ పోయింది. రెండో పూత నిలిచింది. బడులు తెరవడానికి రెండు రోజుల ముందు లలిత వచ్చింది. తెల్లటి మొగ్గలు జడ సగానికి పైగా వచ్చాయి. మిగతాది కనకాంబరాలతో నింపారు. పిల్ల అద్దంలో చూసుకుని నవ్వింది. వరహాలమ్మకు కడుపు నిండింది.

"నాకు దిష్టి తీయవా నానమ్మా?"

"తీస్తానమ్మా. ముందు రేపటి మొగ్గలు ఎలా ఉన్నాయో చూసి రానీ."

నీతి: చూడకుండా నింద వేస్తే చీడ పెరుగుతుంది, ఓపికగా చూసి మూలాన్ని పట్టినవారికే పువ్వు దక్కుతుంది.