కూలిన పడమటి గోడ

దారిన పోయే ముసాఫిర్లు పడుకునే గదికి పడమటి గోడ కూలి నెల దాటింది. అయినా కొత్త గోడ లేవలేదు. కారణం నబీ రసూలే.

కొండ కింద ఫకీర్లుండే తకియాలో సూఫీ గురువు మస్తానయ్య దగ్గర శిష్యుడిగా చేరకముందు రసూల్ పట్నంలో ఇంజనీరు. ఏ ఇటుక భూమికి ఎంత కీడు చేస్తుందో లెక్కగట్టడం అతని పని. అందుకే గోడ కూలిన రోజే గురువు ముందు నిలబడి అడిగాడు.

"సామీ, ఈ గోడ నాకు వదిలేయండి. భూమికి నొప్పి తెలియకుండా కడతా."

"కట్టు నాయనా. మళ్ళీ వానలు రాకముందే కట్టు" అన్నాడు మస్తానయ్య.

అంతే, రసూల్ కాగితాల్లో మునిగాడు. బూడిద ఇటుక ఎక్కడ పుట్టింది, వెదురు ఎన్ని మైళ్ళు లారీలో వచ్చింది, రాయి కొట్టడానికి ఎంత డీజిలు కాలింది, ఏదీ వదల్లేదు. ముసాఫిర్లేమో వసారాలో గాలికి ముడుచుకుని పడుకుంటున్నారు. వాళ్ళను చూసినప్పుడల్లా అతనికి సిగ్గేసేది. సిగ్గేసి ఇంకో కాగితం తీసేవాడు. చదువుకున్నవాడి అవస్థ అలాగే ఉంటుంది మరి.

గురువు తొందరపెట్టలేదు. కూలిన గోడ మట్టిలో సగం గంపతో మోసి పెరట్లో ఆకుకూరల మడి వేసుకున్నాడు. మిగతా సగం మీద తాటాకు కప్పాడు. పెద్దాయనకు శుభ్రం మీద పట్టింపు కాబోలు అనుకున్నాడు రసూల్.

ఒక మధ్యాహ్నం లెక్క తేలింది. చిటికెడు సిమెంటు కలిపి మరలో అదిమిన మట్టి ఇటుక గెలిచింది. నమూనా ఇటుకను, కాగితాల కట్టను పట్టుకుని రసూల్ భోజనానికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

మస్తానయ్య రాగి సంగటి, తోటకూర పప్పు వడ్డించి, తింటూ చెప్పమన్నాడు. ఇటుక పుట్టిన దగ్గర్నుంచి గోడ లేచేదాకా రసూల్ పూసగుచ్చినట్టు చెప్పాడు.

"బాగా రాసినావు. గోడ కూలినాక ఏమైతాది?"

"ఇది కూలదు సామీ. అరవై ఏళ్ళు నిలుస్తాది."

"అరవై ఒకటో ఏట?"

రసూల్ కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. "అది రాయలేదు సామీ. పగలగొట్టి యాడో గుంతలో పోస్తారు."

మస్తానయ్య ఇటుకను చేతిలోకి తీసుకుని మెచ్చుకోలుగా తట్టాడు. "గట్టిదే. నీళ్ళు తాకే అడుగు వరసకు పెట్టుకుందాం. పప్పు ఎట్లుండాది?"

"కమ్మగా ఉండాది సామీ." నిజంగానే, అంత లేత ఆకు అతను పట్నంలో ఎప్పుడూ తినలేదు.

"పడమటి గోడే అది. మా గురువు కట్టినాడు."

రసూల్ పెరట్లో మడి వైపు చూశాడు. తర్వాత కంచం ముందుకు జరిపి ఇంకో గరిటె వేయించుకున్నాడు.

మర్నాడు తెల్లవారేసరికి తాటాకు తీసేసి, పాత మట్టిలో నీళ్ళు పోసి, వరిగడ్డి చల్లి, అందులో దిగి తొక్కుతున్నాడు. వసారాలో ముసాఫిర్లు లేచి కూర్చుని ఈ వింత చూశారు. ఇద్దరు పంచెలు ఎగ్గట్టి తామూ దిగారు. నెల రోజుల తర్వాత రసూల్‌కు మనసు తేలికపడింది. ఆ సంబరంలో దబదబా తొక్కసాగాడు.

మస్తానయ్య కడవతో నీళ్ళు తెస్తూ పక్కన ఆగాడు.

"మెల్లగా తొక్కు నాయనా. ఎవరో తినాల్సిన పప్పు అది."